మీ ఇష్టం సార్

మా మనవరాలికి పదిహేడేళ్ళు. లాడ్జీల దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెడుతుంది. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు; ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు ఉండాలి. పని కాగానే సాయంత్రం బడికి పోయి, ఆగిపోయిన పదో తరగతి చదువుకుంటోంది.

ఇదివరకు పద్దెనిమిది నిండనివాళ్ళని ఆరింటికల్లా ఇంటికి పంపాలని చట్టం ఉండేది. పాపం, ప్రభుత్వంవారికి పిల్లల మీద జాలి పుట్టుకొచ్చింది. పొద్దున్నుంచి నిలబడ్డ పిల్లకి రాత్రిదాకా నిలబడే భాగ్యం లేకుండా చేశామే అని బాధపడి, చట్టం మార్చారు. బలవంతం ఏమీ లేదట. పిల్ల ఇష్టపడితేనే ఉంచుకోవాలట.

ఆ ఇష్టం దగ్గరే మా కొంప మునిగింది.

మా అమ్మాయి పెంపకం మహా గొప్పది. పెద్దవాళ్ళు ఏమడిగినా "మీ ఇష్టం" అనాలని కూతురికి ఉగ్గుపాలతో పోసింది. బస్సులో ఎవరైనా కాలు తొక్కి "తగిలిందా?" అన్నా ఈ పిల్ల జవాబు అదే.

లాండ్రీ సూపర్‌వైజరు ఆరింటికి వచ్చి, "ఏమ్మా, ఇవాళ ఉంటావా?" అన్నాడు.

"మీ ఇష్టం సార్."

"విన్నారుగా, ఇష్టమంది!" అని మురిసిపోయాడు. వారమంతా ఇదే తంతు. చివరికి బడి పంతులమ్మ మా ఇంటికొచ్చింది. "ఇంకొక్క రోజు మానేస్తే పరీక్షకి కూర్చోనివ్వరు" అని చెప్పి వెళ్ళింది.

పిల్లని నిలదీశాను. "ఉంటానన్నావటే?"

"లేదు అమ్మమ్మా, మీ ఇష్టం అన్నాను."

"ఓసి పిచ్చిమొహమా! అంటే ఇష్టం లేదని నీకు తెలుసు, నాకు తెలుసు, వాడికీ తెలుసు. తెలియనట్టు ఉండడానికే వాడికి జీతం. నాకిష్టం లేదు అని చెప్పు."

"అంత పెద్దాయనతోనా?"

ఆ పూట గిన్నెలు తోముతున్నంతసేపూ దానిచేత అదే మాట అనిపించాను. గొంతు పెగిలితేనా! గిన్నెల చప్పుడే నయం.

మర్నాడు ఆయన మామూలుగా అడిగాడు. ఇది దుప్పటి కొస పట్టుకునే, "నాకిష్టం లేదు సార్" అందట.

"పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని మీ ఇంట్లో నేర్పలేదూ?"

"నేర్పారు సార్. నిన్న మా అమ్మమ్మ ఆ చట్టం మార్చింది."

అవతలి కొస పట్టుకున్న పిల్ల కిసుక్కున నవ్వింది. మా పిల్ల తన కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టి చెప్పులేసుకుంది.

"ఇదిగో! మరి ఇది నేను పట్టుకోవాలా?" అని వెనకనుంచి కేకేశాడట.

"మీ ఇష్టం సార్" అంటూనే బడివైపు పరుగు తీసింది.