వెనక వరసలో అక్క తమ్ముడు

మేము పరాయి దేశంలో పెండిల్ హిల్ అనే పేటలో ఉన్నప్పుడు ఏటా మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం పక్కింటావిడ యాపిల్ కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చేది. యూరప్ దేశాల పాటల పోటీని అక్కడ ఒక్క చానెలే వేసేది. అది రావాలంటే వేరే యాంటెన్నా కావాలి. ఎప్పుడో ఒకసారి వచ్చే హిందీ సినిమాల కోసం మా ఆయన అది పెట్టించాడు. వాళ్ళింట్లో లేదు. ఆవిడది యుగోస్లావియా. ఒంటరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది, ఇద్దరికీ ఒకే వృద్ధాశ్రమంలో పని. నేను అక్కా అని పిలిచేదాన్ని. అర్థం చెప్పాక ఆవిడ కూడా నన్ను చెల్లీ అనడం నేర్చుకుంది.

ఆవిడ పోటీ కోసం కాదు, తమ్ముడి కోసం వచ్చేది. వాళ్ళ దేశం పాటకి వెనక నిలబడి వంత పాడేవాళ్ళలో అతనొకడు. ఇరవై పాటలు ఓపిగ్గా విని, తమ పాట రాగానే టీవీ దగ్గరికి జరిగి, "అదిగో, ఎడం పక్క, మావాడే!" అనేది. కనపడేది మూడు క్షణాలు. నాకా పాటలు చెవికెక్కేవి కావు. "ఏం పాటలో, ఏం గుడ్డలో!" అని విసుక్కుంటూనే టీ పెట్టేదాన్ని.

తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. దేశం ముక్కలైంది. తమ్ముడున్న ఊరిని చుట్టుముట్టారు. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోను కలిసేది కాదు. పనిలో దుప్పట్లు మడుస్తూ మడుస్తూ అక్క మధ్యలో ఆగిపోయి నిలబడేది. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక నేను మావాళ్ళకి తెలిసిన పనే చేశాను. మా తెలుగు క్రైస్తవులం ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో కూడిక పెట్టుకునేవాళ్ళం. అక్కడి ప్రార్థన మనవుల్లో అతన్ని చేర్పించాను. బతికున్నాడని తెలిస్తే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనాలు పెడతానని మొక్కుకున్నాను కూడా.

మరుసటి ఏడు వాళ్ళ కొత్త చిన్న దేశం కూడా పోటీకి పాట పంపుతోందని తెలిసింది. పోటీకి వారం ముందు ఆ చానెల్‌లో పాటల వీడియోలు వేస్తుంటే అక్కని పిలిచాను. వాళ్ళ పాట వచ్చింది. వెనక వరసలో గడ్డం పెరిగి, సగానికి సగం చిక్కిపోయి, తమ్ముడు! అక్క చప్పున లేచింది. వెళ్ళి తెర మీద చెయ్యి పెట్టింది. నేనైతే "దేవా, నీకే స్తోత్రం!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"దట్స్ నాట్ లైవ్, మమ్," అంది మా అమ్మాయి.

"నువ్వు నోర్ముయ్!" అన్నాను.

మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "ఆ వీడియో ఎప్పుడు తీశారో ఏమోనే. సండే అసలు పోటీ ఉందిగా. అందులో కూడా కనపడనీ, అప్పుడు పెట్టుకుందాం కూడిక."

నాకు ఒళ్ళు మండింది. "దేవుడు కళ్ళెదుట చూపించినా మీకింకా అనుమానమేనా? చర్చిలోనేమో పెద్దమనిషి, ఇంట్లో విశ్వాసం సున్నా!" అన్నాను.

ఆదివారం దాకా ఆగలేదు. "సాటర్‌డే ఆర్వో, అదే మధ్యాహ్నం, మా ఇంట్లో కూడిక, పిల్లలతో సహా రావాలి" అని అందరికీ ఫోన్లు చేశాను. పక్కనున్న గిరావీన్ నుంచీ, ఇంకా దూరాల నుంచీ నలభై మంది వచ్చారు. బిర్యానీ, వేటమాంసం కూర వండాను. ఏడాదిగా ముదురు రంగులే వేసుకుంటున్న అక్క ఆ రోజు పూల గౌను వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని వచ్చింది. నేను లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాను, ముందు తెలుగులో, తర్వాత ఆవిడ కోసం ఇంగ్లీషులో. అంతటితో ఊరుకున్నానా? "నువ్వూ చెప్పక్కా" అని రెక్క పట్టుకుని లేపాను. ఆవిడకి ఇలాంటివి అలవాటు లేదు. తల వంచుకుని, "మై బ్రదర్ ఈజ్ అలైవ్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు సాయంత్రం అసలు పోటీ. వాళ్ళ పాట వచ్చింది. వీడియోలో చూసిన మనుషులే, కానీ తమ్ముడు నిలబడాల్సిన చోట వేరే ఎవరో ఉన్నారు. మూడు నిమిషాలూ అక్క రెప్ప వెయ్యలేదు. "ఊరు దాటి రానిచ్చుండరక్కా, లేకపోతే జ్వరమేమో" అని నేను వాగుతూనే ఉన్నాను. "మేబీ, చెల్లీ" అని, మార్కులు మొదలవకముందే లేచి వెళ్ళిపోయింది.

పది రోజులకి జర్మనీలో ఉన్న వాళ్ళ బంధువు ఫోను చేసిందట. తమ్ముడు నీళ్ళ కోసం డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా గుండు పడింది. మేము వీడియో చూడటానికి మూడు వారాల ముందే పోయాడు. నేను స్తోత్రాలు చెప్పించిన రోజుకి అతను మట్టిలో ఉన్నాడు. అక్క కంచె అవతల నిలబడి ఇదంతా నాలుగు మాటల్లో చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సాక్ష్యం చెప్పినవాళ్ళని ఎందరినో చూశాను గాని, మళ్ళీ లేచి అది నిజం కాదన్నవాళ్ళని మా కూడికల్లో నేనెన్నడూ చూడలేదు. వచ్చే శుక్రవారం చెబుదామనుకున్నాను. ఆ శుక్రవారం పోయింది, ఇంకొకటీ పోయింది. "చెప్పావా?" అని మా ఆయన అడిగితే, "చెప్తాలెండి" అని కసిరాను. సిగ్గు, అంతకు మించి ఏమీ లేదు.

రెండు నెలల తర్వాత అక్కా నేనూ ఇండియన్ షాపులో ఉండగా మా చర్చి ఆంటీ ఒకావిడ ఎదురొచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది. "హౌ ఈజ్ యువర్ బ్రదర్? వి ఆర్ స్టిల్ ప్రేయింగ్!" అంది. కందిపప్పు సంచి వైపు చూస్తూ నిలబడ్డాను. అక్క ఒక్కసారి నా మొహంలోకి చూసింది. నేనెవరికీ చెప్పలేదని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

"హీ ఈజ్ ఫైన్. థాంక్యూ," అంది ఆంటీతో.

"దేవునికి స్తోత్రం!" అంది ఆంటీ, నా వైపు తిరిగి.

నేను ఆమేన్ అన్నాను.