కళ్లెత్తి చూసిన పిల్ల

నలభై ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డుపడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయారు. పిల్లలకు చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఓపికుంటే వినండి.

ఎనభైల మొదట్లో, అమెరికాలో, శాంటా క్లారాకు గంట దూరంలో, నేరం చేసిన ఆడపిల్లలను కోర్టు పంపే సంస్కరణ పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. ఎవరిని ఇంటికి పంపాలో తేల్చే కమిటీ మా టీచర్లు రాసిన ప్రవర్తన నివేదికలే చూసేది. డెనిస్ అని పదిహేనేళ్ల పిల్ల ఉండేది. ఎవరిదో కారు ఎత్తుకుపోయి దొరికిపోయింది. దాని చెల్లెలు వేరే కుటుంబం పెంపకంలో ఉంది, వాళ్లేమో వేసవిలో టెక్సస్ వెళ్లిపోతున్నారు. ఆలోగా విడుదలైతే చెల్లెల్ని చూసుకోవచ్చని డెనిస్ ఆశ.

ఒకరోజు క్లాసుకు ఆలస్యంగా వచ్చింది. తిట్టాను. తిడుతున్నంతసేపూ నా కళ్లలోకే సూటిగా చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా గుడివాడలో పెద్దవాళ్లు కేకలేస్తుంటే కళ్లెత్తి చూస్తే ఇంకేమైనా ఉందా! వీపు విమానం మోత మోగేది. ఆ సాయంత్రమే నివేదికలో "టీచర్‌ను ధిక్కరించింది" అని రాసేశాను.

వారం తర్వాత స్టాఫ్ రూమ్‌లో పక్క టీచర్‌తో ఆ పొగరు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కళ్లలోకి చూడడమే ఇక్కడ మర్యాదట. వచ్చిన మొదటి వారమే పిల్లలకు అది నేర్పిస్తారట.

కమిటీ కూర్చోవడానికి ఇంకా రెండు రోజులుంది. ఆఫీసు అదే వరండాలో ఉంది. పొరపాటు పడ్డానని చెబితే సరిపోయేది. ఎందుకు వెళ్లలేదు? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. అప్పటికే నా యాస విని వెనక నవ్వుకునేవాళ్లు, ఇప్పుడు ఈవిడకు ఇక్కడి పద్ధతులు కూడా తెలియవంటారని, ఆ నామోషీ పడలేక, ఒక పిల్లను లోపలే ఉంచేశాను. ఏం చేస్తున్నానో అప్పుడు తెలియలేదు. లేదు, తెలుసు. ఇప్పుడు కూడా అబద్ధం ఎందుకు?

ఆరు నెలలు పొడిగించారు. డెనిస్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మిస్, నేనేం తప్పు చేశానో చెప్పండి. ఇంకెప్పుడూ చెయ్యను."

"నీ ప్రవర్తన మార్చుకో," అన్నాను.

"అదే, ఎలాగో చెప్పండి మిస్. మా చెల్లి వెళ్లిపోతోంది."

"అది నీకే తెలియాలి. వెళ్లు, బెల్లు కొట్టారు."

ఆ చెల్లెలు జూన్‌లో వెళ్లిపోయింది. అక్కను చూడకుండానే.

తర్వాత డెనిస్ ఎలా కనిపెట్టిందో ఏమో, నేను పలకరిస్తే చాలు, తల దించుకునేది. తర్వాతి నివేదికలో "మంచి మార్పు కనిపిస్తోంది" అని రాసింది కూడా నేనే.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు, వెతకలేదు కూడా. అది అడిగినదానికి జవాబు మాత్రం ఇవాళ రాస్తున్నాను. నువ్వేమీ చెయ్యలేదమ్మా డెనిస్. తప్పు నాది. హమ్మయ్య, రాసేశాను.