మా బావగారి వాటాకొచ్చిన తలకాయ

మా బావగారు పోయారు. మావారి అన్నగారు. పొద్దున్నే వేరుశనగ చేను చూసొచ్చి, కాళ్ళు కడుక్కుని, అక్కని, అంటే మా తోడికోడల్ని, మంచినీళ్ళు తెమ్మన్నారట. ఆమె చెంబుతో వచ్చేలోపే మంచం మీద ఒరిగిపోయారట. నెల్లూరులో ఉన్న మాకు కబురందేసరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు పెద్దకర్మ కూడా అయిపోయింది. కానీ ఆయన ఎలాంటి మనిషో నాకింకా తేలలేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను. పెద్ద నమ్మకమేమీ లేదు.

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే మా అత్తగారి ఊరు. యాభైల చివర్లో నేను అక్కడికి కోడలిగా వచ్చాను. తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడకూడదన్నది ఆ ఇంటి మర్యాద. నాకేదన్నా చెప్పాలంటే ఆయన వాకిట్లో బర్రెతో చెప్పేవారు. "ఏమే, ఈపొద్దు పులుసులో ఉప్పు ఎక్కువైందంటనే." బర్రె నెమరేసేది, లోపల నేను పళ్ళు నూరేదాన్ని. నెల్లూరు పోయినప్పుడల్లా నాకిష్టమైన వారపత్రిక తెచ్చి, బర్రె గాడి మీద పెట్టి వెళ్ళిపోయేదీ ఆయనే.

ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపులు. వాటిలోంచి పందులొచ్చి చేలు కుళ్ళగించి పోయేవి. కాయ ఊరే రోజుల్లో మగవాళ్ళంతా డప్పులు, కుక్కలు, వలలతో తోపు మీదికి పోయేవాళ్ళు. పడిన పందిని అక్కడే కోసి ఇంటింటికీ పోగులు వేసేవాళ్ళు. మొదటి పోటు ఎవరిదైతే తలకాయ వాళ్ళది.

అడవిపంది అంటే ఊళ్ళో పెద్దలందరికీ నోరూరేది. అదే ఊరపంది పేరెత్తితే ఉమ్మేసేవాళ్ళు. ఊరి బయట పందులు మేపుకునే ముసలమ్మ ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు. పందుల పెంపకం లాభసాటి అని చెప్పడానికి బ్లాకు ఆఫీసు నుంచి వచ్చినాయనకి మజ్జిగిచ్చి, మర్యాదగా బస్సెక్కించారు.

ఒక ఏడు మొదటి పోటు బావగారిది. తలకాయ మా ఇంటికొచ్చింది. అక్క పొయ్యి రాజేస్తుంటే ఆయన పంది చెవి పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. చెవి అంచున ఎప్పుడో కోసి మానిన గంటు ఉంది. తమ పందిని గుర్తుపట్టడానికి మేపేవాళ్ళు పిల్లప్పుడే పెట్టే గంటు అది. తప్పిపోయి తోపులో పెరిగిన ముసలమ్మ పందినే మావాళ్ళు పొడిచారన్నమాట. అప్పటికే ఊళ్ళో చాలా ఇళ్ళల్లో తిని చేతులు కడుక్కున్నారు.

"పొయ్యిలో పారేయండి, ఎవరు చూసినారు? అడవిలో తిరిగింది గదా, అడవిపందే" అంది అక్క.

"నువ్వు పుట్టింటికి పోయి నాలుగు నెలలుంటే నా పెళ్ళానివి గాకుండా పోతావా?" అన్నారు బావగారు.

తలకాయ తువ్వాలులో చుట్టుకుని ముసలమ్మ గుడిసెకి వెళ్ళారు. "నాదే అయ్యా, ఈనే ముందర పారిపోయినాది" అందట ఆమె. బావగారు తిరిగొస్తూ దారిపొడుగునా అందరికీ ఆ మాట చెప్పారు.

ఊరు భగ్గుమంది. ఊరి పెద్దాయన మా వాకిట్లోకొచ్చి కేకలేశారు. "నువ్వు నోరు మూసుకోనుంటే మేం తినింది అడవిపందే అయ్యుండేది గదరా. నువ్వు చెప్పినందుకే అది ఊరపంది అయింది." ఆ మాట నాకిప్పటికీ కొరుకుడు పడలేదు. తిన్నది వాళ్ళు. ముక్క కూడా ముట్టనిది ఆయన. వెలి మాత్రం ఆయనకే పడింది. ఆ ఇంట్లో ఇక ఎవరూ విస్తరి ముందు కూర్చోలేదు.

ఆయన ఊరుకున్నారా? ముసలమ్మకి తన చేని పక్కనే పందుల దొడ్డి వేసుకోనిచ్చారు. జాలిపడ్డారనుకున్నాను. "నీ పందులు తోపులో పడకుంటే నా చేను మిగులుద్ది" అని ఆమెతో అనడం నా చెవులతో విన్నాను. వేటకి వెళ్ళడం మానలేదు. బల్లెం ఎత్తి, ముందు చెవి చూసేవారు. పంది ఆగుతుందా? ఆయన వైపు నుంచే అన్నీ తప్పించుకునేవి. "మీ అన్నేంది, ఇట్టా?" అని మావారిని అడిగితే, "మా అన్న సంగతి మా అన్నకే తెలీదు" అన్నారు.

మా చిన్నవాడి అన్నప్రాశన ఆ ఇంట్లోనే చేశాం. వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉండిపోయాయి. బావగారు ఒక్కొక్కటీ ఎత్తి బర్రె ముందు పెట్టి, "తినవే, నీకు పట్టింపుల్లేవు" అన్నారు. ఆ రోజు ఆయన మీద కోపమొచ్చిందో, ఊరి మీదొచ్చిందో తెలియక ఏడ్చాను.

పెద్దకర్మకి వండుతున్నంతసేపూ అక్కది ఒకటే మాట. "వస్తారంటావా? ఆయన పేరున ఒక బంతన్నా తిని లేస్తుందంటావా?" ఆయనతోపాటే వెలీ పోయిందనుకున్నారేమో, వచ్చారు. ఊరి పెద్దాయనతో సహా వచ్చి పందిట్లో కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించాం. అందరూ కలుపుకుంటుండగా ముసలమ్మ వచ్చి పందిరి అంచున నిలబడింది. అక్క పోయి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పెద్దాయన పక్కనున్న ఖాళీలో విస్తరి వేసి కూర్చోబెట్టింది.

చేతులన్నీ ఆగిపోయాయి. బంతి మధ్యలో ఎవరన్నా లేస్తే పోయిన మనిషికి ఆ అన్నం అందదని మా నమ్మకం. ఎవరూ లేవలేదు. తర్వాత పెద్దాయన తలెత్తకుండా ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. కట్టుబాటుకి కట్టుబడ్డారో, బావగారి కోసం దిగమింగారో నాకు తెలియదు.

ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి పెద్దాయన మొహమే చూస్తూ మజ్జిగ ఎక్కువ పోసేశాను. మజ్జిగ ఆమె విస్తరి అంచుదాకా పారింది. పెద్దాయన ఎడమ చెయ్యి నేల మీద అడ్డం పెట్టారు. తన విస్తట్లోకి రాకుండానో, ఆమె విస్తట్లోంచి పోకుండానో. ఆ చేతిని అలాగే ఉంచి, కుడిచేత్తో అన్నం తింటున్నారు.