ఇరవై ఒకటి, ఇరవై రెండు పేజీల కథ

2003. చిలకలూరిపేటలో బస్టాండ్ దగ్గర మా డీటీపీ సెంటర్. ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్, నేను. ఈ మూడింటిలో మాటిమాటికీ మొరాయించేది ప్రింటరని నేనూ, నేనని మా ఓనరూ అంటూ ఉండేవాళ్ళం.

కోటేశ్వరరావుగారు వ్యవసాయాధికారిగా రిటైరై, రైతుల కోసం అరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం రాశారు. టైపు చేసింది నేనే. సోమవారం పర్చూరులో రైతుల సభలో పంచాలి. శనివారం మధ్యాహ్నం ఆయన, బావమరిది చెంచయ్య బండి నడుపుతుంటే వెనక కూర్చుని వచ్చి దిగారు.

"ఇరవై ఒకటి, ఇరవై రెండు పేజీలు తీసెయ్యాలయ్యా. అందులో రాసిన మందు ఇప్పుడు అమ్మట్లేదంట."

"రెండు నిమిషాలు కూర్చోండి" అన్నాను. నా వృత్తిలో గర్వపడే సందర్భాలు తక్కువ. వచ్చినప్పుడు వదులుకోను.

పుస్తకాల పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్ పేజీ అని ఒకటి ఉంటుంది. అందులో ఒకచోట నంబరు గుర్తు పెడితే ప్రతి పేజీకీ నంబరు దానంతటదే పడుతుంది. తెలుగు ఫాంటులో ఆ గుర్తు అర్థంలేని రెండక్షరాల్లా కనిపిస్తుంది. చేరిన కొత్తలో అచ్చుతప్పనుకుని చెరిపేసి, పుస్తకమంతా నంబర్లు చేత్తో కొట్టిన ఘనుణ్ణి నేనే. ఇప్పుడు ఆరితేరాను. రిమూవ్ పేజెస్ నొక్కాను. రెండు పేజీలు పోయాయి, మిగతా నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి. విషయసూచిక కూడా మార్చి ప్రూఫ్ తీసిచ్చాను.

చెంచయ్యకి మూడెకరాల మిరప. ప్రూఫ్ తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"బావా, నా మిరపకి ముడతొచ్చింది అనుకో. తొమ్మిదో పేజీలో ఏమన్నావు? ముప్ఫై ఆరు చూడమన్నావు. చూశా. వరిలో కలుపు మందుంది. ఇది కొడితే ముడతేం ఖర్మ, చెట్టే ఉండదు."

పేజీల నంబర్లు సర్దుకున్నాయి గానీ, 'ఫలానా పేజీ చూడండి' అని నేను చేత్తో కొట్టినవి సర్దుకోలేదు. ముడత ముప్ఫై నాలుగుకి జరిగింది. పాత చోటికి కలుపు మందు వచ్చి కూర్చుంది.

కోటేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఒక్క రైతు చేత మాట పడలేదు."

"పోయినేడు నేను తిట్టాగా బావా."

"నువ్వు రైతువేంట్రా, బావమరిదివి."

అంటూనే ఆయన ప్రూఫ్ లాక్కుని తొమ్మిదో పేజీ మళ్ళీ చదివారు. నాకూ నవ్వు రాలేదు. ఎవరి చేనో మాడిపోతే నా అచ్చుతప్పని ఎవరూ అనరు, ఆయన పేరే చెప్తారు.

అలాంటివి పుస్తకంలో పదిహేడున్నాయి. ఐదింటికల్లా ప్రెస్సుకి ట్రేసింగులు, అంటే ప్లేటు తీయడానికిచ్చే పల్చటి కాగితాలు, పంపాలి. పైగా ప్రెస్సులో పదహారేసి పేజీలు ఒక ఫారంగా వేస్తారు. నాలుగు ఫారాలంటే అరవై నాలుగు. "ఇప్పుడు అరవై రెండే అయ్యాయండీ. చివర్న రెండు పేజీలు ఖాళీగా పోతాయి" అన్నాను.

చెంచయ్య నావంక జాలిగా చూశాడు. "ఎటూ రెండు ఖాళీ పేజీలు ఇవ్వాల్సిందే కదా అబ్బాయ్. ఆ ఖాళీ ఏదో తీసిన చోటే ఉంచరాదా? ఏ రోజు ఏం కొట్టానో రాసుకుంటా."



ఫైలు సేవ్ చేయకుండా మూసి, మళ్ళీ తెరిచాను. పేజీలు తీశాక సేవ్ చేయడం మర్చిపోయాను కాబట్టి పాత పేజీలు, పాత నంబర్లు తిరిగొచ్చాయి. నా మతిమరుపు పనికొచ్చిన రోజు అదొక్కటే. ఇరవై ఒకటి, ఇరవై రెండులో ఉన్నదంతా చెరిపేసి 'తేదీ, మందు, ఎంత' అని మూడు గళ్ళు గీశాను. ఆ మందు ప్రస్తావన ఇంకెక్కడుందో వెతికితే రెండు చోట్ల దొరికింది, తీసేశాను. పదిహేడింటినీ చెంచయ్య గట్టిగా చదువుతుంటే నేను పేజీలు తిప్పాను.

"ముడత, ముప్ఫై ఆరు."

"ముడతే."

"హమ్మయ్య, నా చేను బతికింది" అన్నాడు. ఐదుకి పది నిమిషాలుందనగా ట్రేసింగులు ప్రెస్సుకి వెళ్ళాయి. సోమవారం పర్చూరులో పుస్తకాలన్నీ అయిపోయాయి.

పంట చివర్లో కోటేశ్వరరావుగారు మళ్ళీ ముద్రణకి వచ్చారు. ఊళ్ళలో చూసిన ప్రతి పుస్తకంలోనూ ఆ రెండు పేజీలు నిండిపోయి, అంచుల్లో కూడా రాసుకున్నారట. "మిగతా అరవై రెండూ వేలిముద్ర కూడా పడకుండా తెల్లగా మెరుస్తున్నాయయ్యా" అన్నారు, పైకి విచారంగా. జేబులోంచి ఒక రైతు పుస్తకం తీసి, నిండిన ఆ రెండు పేజీలే మూడుసార్లు చూపించారు.

అప్పట్నుంచి ఎవరైనా పేజీ తీసెయ్యమంటే నేను ముందు మౌసు ముట్టుకోను. "పేజీ పోవాలా అండీ, అందులో ఉన్నది పోవాలా?" అని అడుగుతాను. పదిమందిలో తొమ్మిదిమంది కాసేపు ఆలోచించి, రెండోదే అంటారు.