శోధకులు కనిపెట్టిన్రట

పొద్దున టీ తాగుతుంటే మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఎక్కడో, మన సూర్యుడు కాని ఇంకో సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం గాలిలో ప్రాణుల జాడ ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారట. అబ్బే, అంత దూరం నుంచి వచ్చిన వెలుతురును చూసి అంత మాట అనేస్తారా, ఆగండి అని ఇంకొందరు అంటున్నారట. ఆ వార్త కింద జనం రెండు జట్లుగా చీలి కొట్టుకుంటున్నారు. మా చర్చి వాట్సప్ గ్రూపులో ఒక పెద్దమనిషి అయితే, ఆ గ్రహానికి సువార్త ఎవరు తీసుకుపోవాలని అప్పుడే అడిగేశాడు. "అమ్మా, ఇందుల ఎవరిది ఖరం?" అంది మా అమ్మాయి. దానికి సగం మాటలు మరాఠీలోనే వస్తాయి, నిజం కూడా ఖరమే. నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే మా అత్త గుర్తొచ్చింది. ఈ వార్త ఆమె కంట పడి ఉంటే, అటో ఇటో తేలేదాకా చంద్రపూర్‌లో, తుకుం పేటలోని మా ఇంట్లో ఒక్కరికీ అన్నం సయించనిచ్చేది కాదు.

అత్త అంటే మా నాన్నకు, మేం బాపు అంటాం, చెల్లెలు. వరోరాలో మరాఠీ బడిలో సైన్సు టీచరు. మా తాత తెలంగాణ నుంచి బొగ్గు బావుల్లో పనికి మహారాష్ట్ర వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకును తన వెంట బావిలోకి దింపాడు, కూతురిని బడికి పంపాడు. అందుకని అత్తకు తెలుగు నోట్లో ఉంది గానీ కంట్లో లేదు. చదవడం, రాయడం, ప్రార్థన చేసుకునే బైబిలు, అన్నీ మరాఠీయే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "సిలబస్ ఖతం కాలే" అనేది. బడిలోంచి రిటైరయ్యాక కూడా అదే జవాబు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో బస్సు అందుకోవాల్సినట్టు నడిచేది. శుక్రవారం మాత్రం నిజంగానే బస్సు అందుకుని వరోరా నుంచి చంద్రపూర్ వచ్చేది. ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో కూటం.

కూటం అంటే చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులం ఒక ఇంట్లో చేరి పాటలు పాడుకుని ప్రార్థన చేసుకోవడం. ఆఖర్న వేడి వేడి అటుకుల పోహా, పైన తర్రీ అనే ఎర్రటి కారపు పులుసు. పోహా కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు, పేర్లు చెప్పను, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. పోహాకు ముందు సాక్ష్యాలు. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలును ఒక్కొక్కరు లేచి చెప్పాలి. ఒకరికి జ్వరం తగ్గేది, ఒకరి కొడుక్కి పవర్ హౌస్‌లో పని దొరికేది, ఒకావిడకు తప్పిపోయిన మేక దొరికేది. మా అత్తకు జ్వరం రాదు, కొడుకు లేడు, మేక లేదు. అయినా ఊరికే కూర్చునే రకమా? ఒక శుక్రవారం మరాఠీ పేపరు చేతపట్టుకుని లేచింది. "అందరికి వందనాలు. ఈ వారం శోధకులు చంద్రుని మీద నీళ్ళ జాడ కనిపెట్టిన్రు" అంది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంగతేమిటంటే, పరిశోధన చేసేవాణ్ణి మరాఠీలో సంశోధక్ అంటారు. ఆ 'సం' తీసేస్తే చక్కటి తెలుగు అయిపోతుందని అత్త నమ్మకం. కానీ మా తెలుగు బైబిల్లో శోధకుడంటే సాక్షాత్తూ సాతాను, మనిషిని ఆశపెట్టి పరీక్షకు గురిచేసేవాడు. శోధన అంటే వాడు పెట్టే ఆ పరీక్ష. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, "అయ్యో దేవా, వాడు ఆడికి గూడ పోయిండా!" అంది. మా పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఆయన నవ్వు ఆపుకుంటూ, "టీచరమ్మా, పరిశోధకులు అనాలె" అని దిద్దబోయాడు. అత్త ఒప్పుకోలేదు. "పరీ అంటే రెక్కలున్న ఆడిపిల్ల గదా అయ్యగారూ, దానికి సైన్స్‌ల ఏం పని?" అంది. ఇక ఎవరూ దిద్దలేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మా తుకుం విశ్వాసులు సాతానులు ఏం కనిపెట్టారో చెవులు రిక్కించి వినేవారు.

అత్తను చూస్తే నాకు ముచ్చటేసేది ఆ వార్తల వల్ల కాదు. వార్త ఎవరైనా చెబుతారు. ఆమె ఎప్పుడూ దాని రెండో సగం కూడా చెప్పేది. "గానీ వేరే శోధకులు ఒప్పుకుంటలేరు" అనగానే ఆమె గొంతులో హుషారు వచ్చేది. ఎవరు ఎందుకు కాదంటున్నారు, వీళ్ళు ఏం జవాబిచ్చారు, అంతా చేతులు తిప్పుతూ, అటు ఒకసారి ఇటు ఒకసారి నిలబడి చెప్పేది. మా వాళ్ళు అందులో సగం మంది అటు, సగం మంది ఇటు చేరి పోహా చల్లారేదాకా వాదించుకునేవారు. "తప్పు వట్టేటోడు లేకుంటే ఒప్పు ఎట్ల తెలుస్తది?" అనేది అత్త. ప్లూటో గ్రహం కాదని పెద్దలు తేల్చినప్పుడు ఆమె ఇంకా బడిలోనే ఉంది. ఏళ్ళ తరబడి తొమ్మిది గ్రహాలని చెప్పిన మనిషి, మర్నాడు క్లాసులోకి పోయి, తాను స్వయంగా గీయించిన గోడ బొమ్మ మీద తొమ్మిదోదాన్ని సుద్దముక్కతో కొట్టేసిందట. కొట్టేసి టీచర్ల గదిలోకి వచ్చి కాసేపు ఏడ్చిందట. కొట్టేయడమూ నిజమే, ఏడవడమూ నిజమే. అట్లాంటి మనిషి.

ఇక బాపు. బావిలో పనిచేసినన్నాళ్ళూ మనిషి గోడలా ఉండేవాడు. పని మానేశాక దగ్గు మొదలైంది. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, మళ్ళీ మామూలు కావు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు డాక్టరు. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ చేరింది. అది రోజంతా గుర్ర్ అంటూనే ఉండేది. బాపుకు దాన్ని చూస్తే ఒళ్ళు మంట. "గీ కుక్కను నా మంచానికి కట్టేసిన్రు" అనేవాడు. అమ్మ కంట పడకుండా అప్పుడప్పుడూ గొట్టం తీసేసి, పెదాలు నల్లబడగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ పెట్టుకునేవాడు.

ఒక శుక్రవారం కూటానికి జనం చేరాక అత్త బస్సు దిగి గుమ్మంలోనే చెప్పులు రెండు దిక్కులా విసిరేసి లోపలికొచ్చింది. సాక్ష్యాల దాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. "అన్నా, శోధకులు కనిపెట్టిన్రు. గట్టివడ్డ ఊపిరితిత్తులు మెత్తవడే మందు!" అంది. బాపు ఆమె ముఖం వంక చూశాడు. మా బాపు ఏడవడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. కూటం కూటమంతా కళ్ళు తుడుచుకుంది, అయ్యగారు స్తుతి ప్రార్థన చేశాడు, అమ్మ ఇంకో గిన్నెడు పోహా వేసింది. ఆ సంతోషంలో, అత్త ఆ రోజు రెండో సగం చెప్పలేదని మాలో ఒక్కరూ గమనించలేదు.

మర్నాటి నుంచి బాపు మిషన్ ఆపేశాడు. "దీనికి అలవాటువడితే రేపు కొత్త మందు పని చెయ్యది. నా ఊపిరిని నేనే తయారు చేసుకుంట" అన్నాడు. గోళ్ళు నీలంగా మారుతున్నాయి, నాలుగు మాటలు వరసగా రావడం లేదు, అయినా ముఖంలో పండగ. నాగ్‌పూర్‌లో డాక్టరు దగ్గరికి పోదామంటే, మందు వచ్చాకే పోదామన్నాడు. అమ్మ బతిమాలింది, తిట్టింది. నేను భయపడి అత్తకు ఫోన్ చేశాను.

ఆ సాయంత్రానికే అత్త వచ్చింది. బాపు గదిలోకి పోకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. "బిడ్డా, అది ఎలుకల మీద చూసిన మందు. మనిషికి ఎవరూ ఇయ్యలే. గా ఎలుకల సంగతి గూడ ఇంక పక్కా కాదని వేరేటోళ్ళు అంటున్నరు. గదంత అదే పేపర్ల కింద రాసి ఉండె" అంది. మరి చదవలేదా అత్తా అన్నాను. "చదివిన. కండ్లు దాని మీదికెళ్ళే పోయినయ్. అన్న ముఖం అడ్డమొచ్చె" అంది. మళ్ళీ తనే, "మీ తెలుగుల శోధన అంటే ఏందో గిప్పుడు సమజైంది నాకు" అంది. అక్కడికక్కడే లేచి పోయి బాపుకు చెప్పింది. ఆయన వినలేదు. "అందరి ముందల చెప్పినవ్, అందరు ప్రార్థన చేసిన్రు. గిప్పుడు నా ఒక్కని చెవుల కాదంటే ఎట్ల?" అని గోడ వైపు తిరిగాడు.

సరే, అందరి ముందే చెప్పాలని శుక్రవారం అత్త సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. పేపరు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. "నేను పోయినసారి చెప్పింది సగమే. మందు రాలే. ఎప్పుడొస్తదో, వస్తదో రాదో ఎవరికి తెల్వది. నా సాక్ష్యం నేను వాపస్ తీసుకుంటున్న" అంది. మా కూటాల్లో అంతవరకూ ఎవరూ సాక్ష్యం వెనక్కి తీసుకోలేదు. జనం గుసగుసలాడారు. అయ్యగారు మెల్లగా, "టీచరమ్మా, విశ్వాసంతోని ఉందాం, గట్ల అనొద్దు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. అత్త కొంగు వదిలి ఆయన వైపు తిరిగింది. "విశ్వాసం దేవుని మీద పెడత అయ్యగారూ, పేపర్ మీద పెట్ట. ఈడ మా అన్న ఊపిరి పోతున్నది" అంది. బాపు గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ రోజు పోహా ఎవరూ ముట్టలేదు. అందరూ వెళ్ళిపోయాక అత్త స్టూలు తెచ్చుకుని తలుపు బయట కూర్చుంది. "అన్నా, నిన్ను సంబరవెట్టే అబద్ధం నా దగ్గర ఉండె. నువ్వు సస్తవని భయానికి దాన్ని మళ్ళ చెప్పలేకపోతున్న. నాతోని మాట్లాడకు, సరే. మిషన్ పెట్టుకో" అంది. లోపలి నుంచి దగ్గు వినపడింది, అంతే. అమ్మ, నేను ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ఎంతసేపటికో గుర్ర్ మని చప్పుడు మొదలైంది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బాపు చాలా వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రావడం మానలేదు, వార్తలు చెప్పడమూ మానలేదు. ఇప్పుడు రెండో సగం ముందు చెప్పి, మొదటి సగం తర్వాత చెప్పేది. ఒకరోజు ఉన్నట్టుండి బాపే అడిగాడు, "ఏమంటున్నరే నీ శోధకులు? నా మందు ఏడిదాక వచ్చింది?" అని. అత్త ఆయన మంచం మీద కూర్చుంది. "కొట్లాడుతున్నరు. కొందరు అయితదంటున్నరు, కొందరు మళ్ళ చేసి చూడుమంటున్నరు. అన్నా, అది నీకు అందది" అంది. అంత సూటిగా చెబుతుందని నేను అనుకోలేదు. బాపు ఆమె వంక చూసి నవ్వాడు. "గది గూడ చెప్తివా, రాక్షసీ!" అన్నాడు. ఊపిరి కూడదీసుకుని, "మేం వరోరా బావిల ముందుగాల గాలి ఆడే తొవ్వ తవ్వినం. బొగ్గు తీసింది మా ఎనక వచ్చినోళ్ళు. ఆగమాగం తవ్విన కాడ కప్పు కూలి మనుషులు వోయిన్రు. నీ శోధకులను తొందరవడొద్దను. మంచిగ చూసుకుంట చెయ్యుమను" అన్నాడు.

ఆ మిషన్‌తో బాపు డాక్టరు అనుకున్నదానికంటే ఎక్కువే బతికాడు. ఆయన వెనక కొన్నాళ్ళకు అత్త కూడా పోయింది. అట్లాంటి మందుల మీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, కనిపించినప్పుడల్లా చదువుతాను, చివరిదాకా చదువుతాను. ఇంకా ఎన్నాళ్ళయ్యా అని విసుగు రాబోతుంది, అంతలో బాపు మాట చెవిలో పడుతుంది. తన దగ్గర లేనే లేని కాలాన్ని ఆయన ఆ శోధకులకు అంత ధారాళంగా ఇచ్చేశాడు.