జొన్నల పిడికిలికో పేరు

మొన్న మా చర్చిలో స్త్రీల కూటానికి వచ్చిన ఒకావిడ, ఏ గంటకు ఎవరి కోసం ప్రార్థించాలో అచ్చువేయించిన కార్డులు తలా ఒకటి పంచి, ఎడతెగక ప్రార్థించడమెట్లాగో బీఏ చదివిన మీరే చెప్పాలంటూ నన్ను లేవదీయబోతే, ప్రార్థనకూ బీఏకూ ఏం సంబంధమమ్మా అని గట్టిగానే అడిగి కూర్చున్నాను. నా నోరు అంతే. కాని నిజం చెప్పాలంటే, ఎడతెగక ప్రార్థించిన మనిషిని నేను ఒక్కర్తెనే చూశాను. ఆమెకు అక్షరం రాదు.

మా ఊరు ఎల్లారెడ్డి. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. మా అవ్వ కూలికి పోయేముందు ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసిరేది, రాతి నోట్లో పోసే ప్రతి పిడికిలికీ ఒక పేరు చెప్పేది. మొదటిది బాపుకు, రెండోది అన్నకు, మూడోది నాకు, నాలుగోది మాతో వెట్టి చేయించుకునే పటేలుకు, మళ్లీ మొదటినుంచి. కళ్లు మూసేది కాదు. మూస్తే వేళ్లు నలుగుతాయి. ఎదురుగా కూర్చుని అదే పిడి పట్టుకు తిప్పే నేను, పటేలుకెందుకే అని రోజూ తగువు పెట్టుకుంటే, ఆయనకే ఎక్కువ కావాలె బిడ్డా అనేది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "నీ దేవునికి చెవుడా ఏందే, గిన్నిమాట్ల పిలుస్తవు?" అని ఎక్కిరిస్తే, "ఆయనకు కాదక్కా, నాకే మరుపు" అని నవ్వి ఇంకో పిడికిలి తీసేది.

అన్న అప్పటికే కామారెడ్డి స్టేషన్లో మూటలు మోసే పనికి కుదిరాడు. నన్ను అక్కడే మిషను బోర్డింగు బడిలో వేశారు. సెలవులకు ఇంటికొచ్చేసరికి బైబిలు ప్రశ్నలూ జవాబులూ అన్నీ నాకు కంఠస్థం, గర్వానికి మెడ వంగదు. ఆ సెలవుల్లోనే కామారెడ్డిలో అన్నకు గత్తర, అదే కలరా, తగిలింది. కబురంది, బండి కట్టుకుని పోయేసరికి అన్నను పూడ్చేశారు. బాపు ఏడ్చాడు. అవ్వ ఏడవకుండా ఆ పచ్చిమట్టి వైపే చూసింది. నాకూ ఏడుపు రాలేదు. ఎద్దు మెడ మీద ఈగలు వాలడం, లేవడం, మళ్లీ వాలడం మాత్రం గుర్తుంది.

నాలుగో రోజుకు ఇంట్లో పిండి అయిపోయింది. అవ్వ రాయి ముందు కూర్చుంది, నేను ఎదురుగా. మొదటి పిడికిలికి బాపు పేరు చెప్పింది. రెండోది తీసి, ఎప్పటిలాగే, "ప్రభువా, పెద్దోన్ని సల్లగ సూడు" అంది. నేను పిడి గట్టిగా పట్టుకుని రాయి ఆపాను.

"సచ్చినోళ్ల కోసం ప్రార్థన చెయ్యొద్దే అవ్వా, తప్పు. బోర్డింగుల చెప్పిండ్రు."

పన్నెండేళ్ల పిల్లను. సరైన జవాబు చెబితే మెచ్చుకుంటారని మాత్రమే తెలిసినదాన్ని.

అవ్వ నా మొహం చూసి, "గట్లనా బిడ్డా, నాకెర్కలేకపాయె" అంది. గింజలు రాతిలో పోసి, మూసిన నోటితో రెండు చుట్లు తిప్పింది. తర్వాతి పిడికిలికి నా పేరు చెప్పింది.

బతికినన్నాళ్లూ ఆ రెండో పిడికిలి అట్లా మూగగానే పోసింది. ప్రార్థనలోనే కాదు, మాటల్లో కూడా అన్న పేరు ఆమె నోట నేను మళ్లీ వినలేదు. చదువుకున్న బిడ్డ తప్పన్నది కదా! తర్వాత నేను హైదరాబాదు పోయి ఇంకా పెద్ద పుస్తకాలు చదివాను. ఈ విషయం మీద ఇవాళ అటూ వాదించగలను, ఇటూ వాదించగలను. అవ్వ దగ్గరికి పోయి, పలుకు అవ్వా, ఏం కాదు అని చెప్పడానికి మాత్రం ఆ తర్వాత ఆమె బతికిన ఇరవయ్యేళ్లు చాలలేదు.

ఇప్పుడు పిండి గిర్నీలో పట్టించుకొస్తాం. ప్రార్థనకు వేరే వేళ ఉంది, వేరే గది ఉంది, చేతులు ఖాళీగా ఒళ్లో పడుంటాయి. మన ఈడు వాళ్ల మధ్య దాపరికమెందుకు, నేనూ రోజూ చేస్తాను. పెదవులు కదులుతాయి, లోపల ఏమీ కదలదు. తప్పని నన్ను ఆపేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు గనక, నిన్న పొద్దున అన్న పేరు ఒక్కసారి పైకి అందామని చూశాను.

రాలేదు.