జంబుఖానా మీద అమాకి చోటు

సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే... అమ్మ హాల్లో సోఫా గోడకి జరిపి జంబుఖానా పరిచేది. చుట్టుపక్కల బ్లాకుల తెలుగు పిల్లలందరం దాని మీద బాసింపట్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మ గుంటూరులో లెక్కల టీచరు. ఇక్కడికొచ్చాక ఉద్యోగం లేదు గానీ, పాఠం చెప్పే దురద పోలేదు. ఊరికే చెప్పేది.

మా పై అంతస్తులోకి ఘనా నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళమ్మాయి అమా, నా క్లాసే. నోటి లెక్కల్లో దాని వేగం చూసి మేం నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళం. కానీ ఇక్కడి బడిలో లెక్కలోని అంకెల్ని డబ్బాల బొమ్మలుగా గీసి, వాటిలోంచి జవాబు రాబట్టాలి. అది ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. బొమ్మ లేదని మార్కులు కోసేసి, ఐదో తరగతి నుంచి కింది స్థాయి లెక్కల్లో వేస్తామన్నారు. అందులో పడితే మళ్ళీ పైకి రావడం కష్టం. వాళ్ళమ్మ ఎఫువా ఆంటీ మా ఇంటికొచ్చి, "ప్లీజ్ సిస్టర్, కెన్ యూ టీచ్ హర్?" అని అడిగింది.

అమ్మ ఆదివారం పంపించమంది.

అంతే... మొదలైంది మనవాళ్ళ కంపు.

ఒక ఆంటీ కొడుక్కి ఏం నేర్పి పంపిందో తెలుసా? ఇక్కడి తిండి కొట్ల హాకర్ సెంటర్లో ఈ టేబుల్ మాది అని టిష్యూ ప్యాకెట్ పెట్టి 'చోప్' చేస్తాం చూడండి... అలా జంబుఖానా మీద వాడి పక్కన ఒక ప్యాకెట్ పెట్టించింది. అమా అక్కడ కూర్చోకుండా! ఛీ!

అమా గుమ్మం దగ్గరే ఆగిపోయి, "నెవర్ మైండ్ లా ఆంటీ, ఐ కెన్ స్టాండ్," అంది.

అమ్మ ఆ ప్యాకెట్ చింపి, అందులోంచి ఒకటి తీసి ఆ పిల్లాడి ముక్కు తుడిచింది. అమాని అక్కడే కూర్చోబెట్టింది.

సాయంత్రానికి ఆంటీలు దిగారు. "వదినా, వాళ్ళ పిల్లల్ని రన్నింగ్‌లో వేస్తే షైన్ అవుతారు. మ్యాథ్స్ ఎందుకు చెప్పండి వాళ్ళకి? మన పిల్లల లెవెల్ డౌన్ అయిపోదూ?" నోట్లో మా అమ్మ వేసిన పకోడీలు... నోటి వెంట ఆ మాటలు!

"మీవాడికి ఇంకా ఎక్కాలే రావు వదినా. ఇంకేం డౌన్ అవుతాడు?" అంది అమ్మ.

మరుసటి వారం నుంచి ఒక్కొక్కరే మానేశారు. చివరికి నేనూ అమా మిగిలాం. తమాషా ఏంటంటే, ఆ డబ్బాల బొమ్మలు అమ్మకీ సరిగ్గా రావు! గుంటూరులో దేన్నైనా 'ఎక్స్ అనుకొనుము' అనేగా. నా పుస్తకం ముందేసుకుని తనూ నేర్చుకుంది. ఎఫువా ఆంటీ కూడా పక్కన కూర్చుని గీసేది, మిగతా రోజుల్లో ఇంట్లో చెప్పుకోవచ్చని. తర్వాత అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, ఆంటీని వెంటబెట్టుకుని బడికి వెళ్ళి, ఏడాది చివరి పరీక్ష దాకా ఆగమని టీచర్ని ఒప్పించింది. ఆ పరీక్షలో అమా గట్టెక్కింది. కింది స్థాయికి పోలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎఫువా ఆంటీ అమ్మని పట్టుకుని ఏడ్చేసింది.

అమా ఇప్పుడు ఇక్కడే యూ టీ అనే పేటలో, మా వెనక బ్లాకులోనే ఉంటోంది. వాళ్ళబ్బాయి నాలుగో తరగతి. వాడికి లెక్కల్లో తోడు కావాలని పోయిన నెల నన్నడిగింది. మా తెలుగు పేరెంట్స్ నడిపే స్టడీ గ్రూపు ఉందిగా... వాడి పేరుతో సహా నేనే మెసేజ్ పెట్టాను. "సారీ అక్కా, ఈ బ్యాచ్ ఫుల్" అని జవాబు. పక్కన చేతులు జోడించిన బొమ్మ.

మర్నాడు పొద్దున్నే అదే గ్రూపులో... "ఇంకా రెండు సీట్లున్నాయి, మన ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే చెప్పండి."

థూ!

ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అమాకి ఎలా చెప్పాలా అని గింజుకుంటుంటే తనే ఫోన్ చేసింది. నేను నోరు తెరవకముందే, "ఫుల్ అన్నారు కదా?" అని నవ్వింది.

వాళ్ళబ్బాయి ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొస్తున్నాడు... కానీ ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. మా చిన్నప్పుడు మొహం మీదే ముక్కు చిట్లించేవాళ్ళు... ఇప్పుడు దణ్ణం పెట్టి మరీ గెంటేస్తున్నారు. మారింది అదొక్కటే. మీ గ్రూపుల్లో ఎవరి పిల్లలకి ఇలా 'ఫుల్' అయ్యింది? దాచకుండా చెప్పండి...